ఖర్జూర చెట్టు కింద కోర్టు

ప్రశ్న: బైబిల్లో సమ్సోను తీర్పు చెప్పినట్టు ఎక్కడా కనబడదు. గాడిద దవడ ఎముకతో ఫిలిష్తీయులను చావగొట్టడమే. అతను న్యాయాధిపతి ఎలా అయ్యాడండీ? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మంచి పాయింటు పట్టారమ్మా! చిక్కంతా అనువాదంలో ఉంది. న్యాయాధిపతి అని మనం అనువదించుకున్న హీబ్రూ మాట 'షోఫెట్'. తగవు తీర్చేవాడికీ, జనాన్ని నడిపించేవాడికీ అదే పేరు. ఉత్తర ఆఫ్రికాలోని ప్రాచీన కార్తేజ్ నగరంలో ఏటా ఎన్నుకునే పాలకులను 'సుఫెట్‌లు' అనేవారు, అదీ ఈ మాటకు చుట్టమే. సమ్సోను రెండో రకం.

అసలైన కోర్టు చూడాలంటే బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం నాలుగో అధ్యాయం తియ్యండి. రామాకూ బేతేలుకూ మధ్య ఖర్జూర చెట్టు కింద దెబోరా అనే మహిళా న్యాయాధిపతి కూర్చునేది, జనం తగవులతో అక్కడికే వెళ్లేవారు. ముప్పయ్యేళ్లు బెంచి క్లర్కుగా చేసినవాణ్ణి, నాకు ముందు తట్టింది బంట్రోతు పిలుపు, వాయిదా లేవని!

తర్వాతి న్యాయాధిపతి, ప్రవక్త సమూయేలైతే ఏటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి తీర్పులు చెప్పి రామాకు ఇల్లు చేరేవాడు. మా భాషలో క్యాంపు కోర్టు. ముసలితనంలో కొడుకులను బెయేర్షెబాలో కూర్చోబెట్టాడు. వాళ్లు లంచాలు మరిగారు. పెద్దలు రామాకొచ్చి, మాకు రాజును పెట్టమన్నారు.