ట్రైసోమీ 16 అని వచ్చింది.. స్కూటీ ఎక్కడం వల్లేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: నా వయసు 37. మొదటిసారి ప్రెగ్నెన్సీ వస్తే 9వ వారంలో హార్ట్‌బీట్ లేదని డీ అండ్ సీ చేశారు. టిష్యూని టెస్ట్‌కి పంపితే రిపోర్ట్‌లో ట్రైసోమీ 16 అని ఉంది. రోజూ స్కూటీ మీద ఆఫీసుకి వెళ్లాను, ఒకసారి బొప్పాయి కూడా తిన్నాను, అందుకే ఇలా అయిందని అత్తయ్య అంటున్నారు. మళ్లీ ఇలాగే అవుతుందా? అండం క్వాలిటీకి మందులేమైనా ఉన్నాయా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: స్కూటీ వల్ల కాదమ్మా, బొప్పాయి వల్ల అసలే కాదు. మీ చేతిలో ఉన్న రిపోర్టే సాక్ష్యం. క్రోమోజోమ్ అంటే మన జన్యువులుండే డీఎన్ఏ పోగు, అందులో 16వ నంబరుది రెండు ఉండాల్సింది మూడున్నాయని దానర్థం, ఆ లెక్క తప్పింది దాదాపు ప్రతి కేసులో అండం రిలీజ్ అయ్యే టైముకే, అంటే మీకు ప్రెగ్నెన్సీ అని తెలియక ముందే. ఆ తర్వాత మీరు మంచం దిగకపోయినా ఇదే జరిగేది.

ఎందుకు తప్పిందంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మీ అండాలు మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే తయారైపోయాయి, క్రోమోజోమ్‌లు కాపీ అయ్యి, జతలు కట్టి, విభజన మధ్యలో ఆగిపోయి అలాగే కూర్చున్నాయి, ఒక్కోటి 20 ఏళ్లు, ఒక్కోటి 37 ఏళ్లు. అన్నేళ్లూ ఆ కాపీలు విడిపోకుండా పట్టుకుని ఉండేది కోహెసిన్ అనే ప్రోటీన్ల గుంపు. మూడు నాలుగు ప్రోటీన్లు కలిసి ఒక రింగులా అవుతాయి, దాని లోపల్నుంచి రెండు డీఎన్ఏ దారాలు వెళ్తాయి, ఒకే గాజులో రెండు దారాలు దూర్చినట్టు. ఇంకో గుంపు ఉంది, కండెన్సిన్, అది ఒక్కో కణంలో ఉండే రెండు మీటర్ల డీఎన్ఏని లూపులు లూపులుగా చుట్టి, చిక్కు పడకుండా పంచుకోడానికి వీలుగా పొట్టిగా చేస్తుంది. టైం రాగానే సెపరేజ్ అనే ఎంజైమ్ వచ్చి కోహెసిన్ రింగుల్ని కత్తిరిస్తుంది, అయితే అన్నీ ఒకేసారి తెగిపోతే కొంప మునుగుతుంది కాబట్టి క్రోమోజోమ్ నడుము దగ్గరున్న రింగుల్ని మాత్రం షుగోషిన్ అనే ప్రోటీన్ కాపాడుతుంది. జపనీస్‌లో ఆ మాటకి కాపలా దేవత అని అర్థం, మన ఊరి పొలిమేర అమ్మవారిలాగే అన్నమాట.

బీరువా సొరుగులో ఎప్పుడో కాగితాల కట్టకి వేసిన రబ్బరు బ్యాండ్ తీసి చూసారా? సాగదీయబోతే పుటుక్కున తెగిపోతుంది. కోహెసిన్ కూడా అంతే, ఎలుకల మీద ప్రయోగాల్లో చూస్తే అండం ఎదిగే దశలో కొత్త రింగులు వచ్చి చేరట్లేదు, పాతవే వయసుతో పాటు తగ్గిపోతున్నాయి. పట్టు వదులైతే క్రోమోజోమ్ పోవాల్సిన వైపు కాకుండా రెండో వైపు పోతుంది. మగవాళ్లకి వీర్యకణాలు ఎప్పటికప్పుడు కొత్తవి తయారవుతాయి కాబట్టి వాళ్లకి ఈ ఎదురుచూపు లేదు, అన్యాయమే మరి, ఏం చేస్తాం.

మొదటి మూడు నెలల్లో పోయే ప్రెగ్నెన్సీల్లో దాదాపు సగం ఇలా క్రోమోజోమ్ లెక్క తప్పినవే, ట్రైసోమీల్లో ఎక్కువగా కనిపించేది కూడా ఈ 16వ నంబరే. ఒకసారి వచ్చిందని ప్రతిసారీ రాదు, ఎక్కువ మందికి తర్వాతి ప్రెగ్నెన్సీ బాగానే నిలబడుతుంది. మీ రిపోర్ట్‌లో ట్రాన్స్‌లొకేషన్ (ఒక క్రోమోజోమ్ ముక్క ఇంకోదానికి అతుక్కోవడం) అని ఎక్కడా లేకపోతే భార్యాభర్తలిద్దరికీ కారియోటైప్ టెస్ట్, అంటే రక్తంలో క్రోమోజోమ్‌ల పరీక్ష, ఇప్పుడే అక్కర్లేదు, మళ్లీ అబార్షన్ అయితే అప్పుడు చేయిద్దాం.

మందుల సంగతి సూటిగా చెప్తా, పోయిన కోహెసిన్‌ని తిరిగి తెచ్చే మాత్ర ఏదీ లేదు. అండం క్వాలిటీ పేరుతో అమ్మే ఖరీదైన పౌడర్లకి డబ్బులు పోయకండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఇప్పట్నుంచే వేసుకోండి, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. ఒకటి రెండు పీరియడ్లు వచ్చి మనసు కుదుటపడ్డాక ట్రై చేయొచ్చు, ఆరు నెలల్లో నిలవకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మీ వయసుకి ఏడాది ఎదురుచూడక్కర్లేదు. ప్రెగ్నెన్సీ నిలిస్తే 10 వారాలు దాటాక బిడ్డ క్రోమోజోమ్‌ల లెక్క గురించి తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీ అనే పరీక్ష, 11 నుంచి 13 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి మందం చూసే స్కాన్) గురించి మీ డాక్టర్‌ని అడగండి. ఆ టిష్యూ రిపోర్ట్ ఒరిజినల్ మాత్రం పారేయకండి, తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది అదే.