జిప్సీ యాక్సిళ్ల కోసం ఇంట్లో బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నా వయసు 36. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. చేతికి వచ్చే జీతం 58,000. ఇంటి లోను కంతు 14,200, ఇంటి ఖర్చు 24,000, పాప స్కూలు ఫీజు, వ్యాను 4,500, అమ్మ మందులు 2,800, నా మారుతి జిప్సీ బండి పెట్రోలు, సర్వీసు 4,500. నెలకు 8,000 మిగులుతుంది. బ్యాంకులో 1,10,000 ఉంది. దీపావళికి 45,000 బోనసు వస్తుంది. టర్మ్ పాలసీ (నేను పోతే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేదు. ఫ్యాక్టరీ వాళ్ల ఆరోగ్య బీమా 3 లక్షలకు ఉంది. 2021లో 2012 మోడల్ జిప్సీని 3,40,000కు కొన్నాను. ఎత్తు పెంచి 31 అంగుళాల టైర్లు వేయించాను. ఆదివారాలు పెన్న ఇసుకలో, గండికోట చుట్టుపక్కల రాళ్లలో, అప్పుడప్పుడు లంకమల వైపు తిరుగుతాం. మూడేళ్లలో ఒకసారి ముందు చక్రం జాయింటు, ఒకసారి వెనక యాక్సిల్ (ఇరుసు) లోపల చక్రాన్ని తిప్పే షాఫ్ట్ విరిగాయి. వాటికి 17,000, 21,000 ఖర్చయింది. పెద్ద జీపు యాక్సిళ్లు రెండూ వేస్తే ఇక విరగవని బెంగళూరు మెకానిక్ అంటున్నాడు. 2,90,000 అడుగుతున్నాడు. మా ఆవిడ నగలు పెట్టి రెండున్నర లక్షలు తీసుకుని, మిగతా 40,000 చేతి నుంచి పెడదామనుకుంటున్నాను. ఆమె సరేనంది. మీ సలహా?

జవాబు: ఇప్పుడు వద్దు. బండి మీద మోజు తప్పని నేను అనను. వారమంతా సిమెంటు దుమ్ములో ఉండే మనిషికి ఆదివారం ఏటి గాలి ఎంత అవసరమో నాకు తెలుసు. జిప్సీని అమ్మేయమని కూడా చెప్పను. కానీ ఈ పనికి, ఈ డబ్బుతో, ఈ ఏడాది మాత్రం వద్దు.

ముందు మీ ఉత్తరంలోని అంకెలనే పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండుసార్లు విరిగితే అయిన ఖర్చు 38,000. అంటే ఒక్కోసారికి 19,000. మీరు పెట్టబోయే 2,90,000తో అలాంటి రిపేర్లు పదిహేను చేయించుకోవచ్చు. మూడేళ్లకు రెండు చొప్పున విరిగితే పదిహేను విరగడానికి ఇరవై రెండేళ్లు పడుతుంది. మీ పాపకు పెళ్లి వయసు వస్తుంది. ఏట్లో చిక్కుకుని ట్రాక్టరు కోసం ఎదురుచూసిన ఆ సాయంత్రాల విసుగుకు నేను వెల కట్టలేను, నిజమే. ఆ విసుగును తగ్గించే చవకైన దారి వేరే ఉంది.

అసలు ఎందుకు విరుగుతున్నాయి? అనంతపురంలో వర్క్‌షాపు నడిపే మా తమ్ముణ్ణి అడిగాను. అతను మొదట అడిగిన మాట, "టైరు సైజెంత?" అని. జిప్సీతో కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్ 15. దాని ఎత్తు 26.3 అంగుళాలు. మీది 31. అంటే 18 శాతం పెద్దది. చక్రం ఎంత పెద్దదైతే, దాన్ని రాయి మీదికి తిప్పడానికి షాఫ్ట్ అంత ఎక్కువ మెలిక, అంటే మెలితిప్పే బలం, భరించాలి. పైగా 1.3 లీటర్ల చిన్న ఇంజను కాబట్టి మీరు లో గేరులో వేసి యాక్సిలరేటర్ తొక్కుతారు. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు తొక్కితే ముందు జాయింటు మీద పడే బరువు మరీ ఎక్కువ. జిప్సీ యాక్సిల్ తేలికపాటి బండి కోసం, ఆ చిన్న టైరు కోసం తయారైనది. అది చేతగాక విరగలేదు, దాని మీద మనం మోపిన బరువుకు విరిగింది.

ఇప్పుడు యాక్సిల్ గట్టిదైందనుకోండి. ఆ మెలిక మాయమైపోదు, ఇంజను వైపున్న మిగతా భాగాల మీదికి పోతుంది. క్రౌన్ పీనియన్ (యాక్సిల్ లోపలి గేర్ల జత), ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కు శక్తిని చేర్చే పొడవాటి కడ్డీ), చివరికి ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె). జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అంటుకుని ఉండదు, విడిగా రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. షాఫ్ట్ విరిగితే ఒక పూటలో మార్చుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసు పగిలితే ఆ ఖర్చే వేరు.

మీ మెకానిక్ చెప్పిన 2,90,000లో ఏమేమి ఉన్నాయో మీరు రాయలేదు. రాతపూర్వకంగా అడగండి. ముందు, వెనక హౌసింగుల్లో (యాక్సిల్ పై డొప్పల్లో) క్రౌన్ పీనియన్ నిష్పత్తి ఒకటేనా? కాకపోతే గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయగానే లోపల గేర్లు ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. ముందు యాక్సిల్ గుండు (గేర్లుండే ఉబ్బెత్తు భాగం) ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్ట్ వచ్చే వైపే ఉందా? కమాన్ కట్టలు కూర్చునే చోట్లు కొత్తగా వెల్డింగు చేయాలా, ప్రొపెల్లర్ షాఫ్టులు కత్తిరించి లేతు పట్టించాలా? బ్రేకులు ఎవరివి? పాత మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసేది) కొత్త బ్రేకులను సరిగ్గా పట్టగలదా? స్టీరింగు రాడ్లు, డిస్కులు, ప్రొద్దుటూరు నుంచి బెంగళూరుకు బండిని లారీ మీద వేసుకుపోయే కిరాయి? ఇవన్నీ కలిసే ఉన్నాయని అతను సంతకం పెట్టి ఇచ్చేదాకా, 2,90,000 అన్నది మొదలుపెట్టే అంకె మాత్రమే. నేనైతే ఇలాంటి పనికి పాతిక శాతం పైన వేసుకుంటాను. అప్పుడు 3,62,500 అవుతుంది. మీరు బండి కొన్నదే 3,40,000కు.

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నా చిన్నప్పుడు మా నాన్న వేరుశనగ చేనులో బోరు వేయించాడు. మూడొందల అడుగులకు తడి మాత్రమే తగిలింది. బోరు బండి వాళ్లు ఇంకో వంద అడుగులు పోదామన్నారు. మా అమ్మ గాజులు కుదువకు పోయింది ఆ వంద అడుగులకే. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ గాజులకు ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ నాలుగేళ్లు గడిచాక, ఒక కరువేడు వడ్డీకి కూడా డబ్బులు పుట్టక వేలానికి వదిలేశాం. మా అమ్మ కూడా ఆ రోజు సరేనంది. అందుకే "ఆమె సరేనంది" అన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. మన సీమ ఇళ్లలో ఆడవాళ్లు సరే అనడానికి చాలా కారణాలు ఉంటాయి. ఆ నగలు ఆమెవి. ఆమెను మళ్లీ ఒకసారి కూర్చోబెట్టి, ఏడాది తర్వాత అసలు డబ్బు ఎక్కడి నుంచి తెస్తామో చెప్పి, అప్పుడు అడగండి.

ఎందుకంటే మీరు చెప్పగలిగే జవాబు లేదు. అసలూ వడ్డీ రెండూ చివర్లో ఒకేసారి కట్టే బంగారు రుణానికి గడువు ఏడాదే. వడ్డీ 10 శాతం అనుకున్నా రెండున్నర లక్షలకు 25,000 అవుతుంది. ఏడాది చివర 2,75,000 కావాలి. నెలకు మిగిలే 8,000ను ముట్టుకోకుండా దాచినా ఏడాదికి 96,000 అవుతుంది. బోనసు మొత్తం కలిపినా 1,41,000. మిగతాదానికి మళ్లీ తిరగరాయించాలి. పోనీ నగలు వద్దు, పర్సనల్ లోను తీసుకుంటానంటారా? 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో రెండున్నర లక్షలకు నెల కంతు 8,544. మీకు మిగిలేది 8,000. మొదటి నెల నుంచే 544 తక్కువ. మూడేళ్లలో కట్టే వడ్డీ సుమారు 57,600.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్ చేర్చారు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిళ్లు రెండూ మారిస్తే బరువు, చక్రాల మధ్య వెడల్పు, బ్రేకులు అన్నీ మారతాయి. హారనో సీటు కవరో మార్చినంత తేలిక కాదు ఇది.

జరిమానా కట్టి బయటపడొచ్చు. బీమా సంగతి అలా కాదు. రేపు మైదుకూరు రోడ్డులో ఎవరికైనా తగిలిందనుకుందాం, దేవుడి దయ వల్ల అలా జరగకూడదు. బ్రేకులు, యాక్సిళ్లు మార్చిన సంగతి బయటపడితే మీ బండి నష్టానికి బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. ఎదుటివారికి చెల్లించిన పరిహారాన్ని తిరిగి మీ దగ్గర రాబట్టుకోవడానికి కేసు నడపవచ్చు. ప్రాణం పోయిన కేసులో ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది. టర్మ్ పాలసీ లేని, లక్షా పదివేలు మాత్రమే దాచుకున్న ఇల్లు దాన్ని తట్టుకోలేదు. ఆ ఎత్తు, ఆ టైర్లు కూడా ఇందులోకే వస్తాయని మరిచిపోకండి. పాలసీ తీసుకునేటప్పుడు వాటి గురించి చెప్పారా?

ఇంకో తేదీ కూడా మీ ముందుంది. బండి 2012 మోడల్. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే కాబట్టి 2027లో బండిని రవాణా శాఖ వాళ్లకు చూపించి, ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకు పొడిగించుకోవాలి. మూడు లక్షలు పోసి మార్చిన బండిని ఆ ఏడాదే ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టడం నాకు అస్సలు నచ్చడం లేదు. జిప్సీ 2019లో మార్కెట్ నుంచి తప్పుకుంది. ఒరిజినల్‌గా, కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బండిని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కోసి వెల్డింగు చేసిన బండిని కొనే మనిషి మాత్రం నూటికొక్కడు దొరుకుతాడు.

లంకమల గురించి కూడా చెప్పాలి. అక్కడ చాలా భాగం అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి పోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, బండిని కూడా పట్టుకోవచ్చు. ప్రపంచంలో ఎక్కడా లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించింది మన కడప జిల్లా ముళ్లపొదల్లోనే. ఆ పొదల మీద టైరు ఎక్కించకండి. పెన్న ఇసుక, మీ స్నేహితుల పొలాల గట్లు చాలవా?

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. టైర్లు మార్చండి. 31 అమ్మేసి, కంపెనీ సైజుకు దగ్గరగా, మట్టికి పనికొచ్చే టైర్లు వేయించండి. ఇసుకలోకి దిగేముందు గాలి బాగా తగ్గించి, రోడ్డెక్కేముందు మళ్లీ కొట్టించండి. ఒక చిన్న కంప్రెసరు ఉంటే చాలు. స్టీరింగు పూర్తిగా తిప్పి తొక్కే అలవాటు మానండి. విడిగా ఒక వెనక షాఫ్ట్, ఒక ముందు జాయింటు కొని బండిలో పెట్టుకోండి. మా తమ్ముడి లెక్కలో ఇంతకే మీ బాధ చాలావరకు తగ్గుతుంది. తర్వాత కూడా సరిపోకపోతే, మెరుగైన ఉక్కుతో చేసిన షాఫ్టులు, జాయింట్లు పాత హౌసింగులోనే వేయించవచ్చు. అప్పుడు బండి రూపం, బరువు మారవు.

నెలకు మిగిలే 8,000లో ముందు 1,500 టర్మ్ పాలసీకి తీసి పెట్టండి. కోటి రూపాయలకు, 60 ఏళ్ల వయసు దాకా. కొండల్లో బండి తోలే అలవాటు ఉందని ఫారంలో దాచకుండా రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి ఇప్పుడు కొంచెం తేలిక. ప్రీమియం 1,500 దాటితే ఆ తేడాను జిప్సీ వాటా నుంచే తీయండి, ఇంటి వాటా నుంచి కాదు. ఫ్యాక్టరీ ఇచ్చే ఆరోగ్య బీమా ఆ ఉద్యోగం ఉన్నంతవరకే. వచ్చే ఏడాది జీతం పెరిగితే మొదటి రూపాయి సొంత ఆరోగ్య పాలసీకి పోవాలి.

మిగిలిన 6,500లో 3,500 ఆపద నిధికి. మీ నెల ఖర్చు 50,000 కాబట్టి ఆరు నెలలకు మూడు లక్షలు ఉండాలి. మీ దగ్గర 1,10,000 ఉంది. రెండేళ్లలో ఈ 3,500లు 84,000 అవుతాయి. రెండు బోనసుల్లో సగం 45,000. మొత్తం 2,39,000. ఇంకా తక్కువే, కానీ దారిలో పడ్డట్టే.

మిగతా 3,000 జిప్సీది. దీన్ని వేరే ఆర్‌డీగా (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్‌గా) కట్టండి, ఆ ఖాతాకు జిప్సీ అనే పేరు పెట్టుకోండి. రెండేళ్లకు 72,000, బోనసుల రెండో సగం 45,000, కలిపి 1,17,000, పైన వడ్డీ. పాత టైర్లు అమ్మిన డబ్బు కూడా ఇందులోనే వేయండి. కొత్త టైర్లు, విడి షాఫ్టులు, ఆ తర్వాత గట్టి షాఫ్టులు అన్నీ ఈ ఖాతాలో ఉన్నంతలోనే కొనండి. ఈ డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

2027లో రిజిస్ట్రేషన్ పొడిగింపు అయ్యాక, రెండేళ్ల ఆర్‌డీ చేతికొచ్చాక కూడా పెద్ద యాక్సిళ్ల మీదే మనసు ఉంటే, ముందు ప్రొద్దుటూరు రవాణా కార్యాలయానికి పోయి ఏ మార్పుకు అనుమతి ఇస్తారో రాతలో అడగండి. తర్వాత బీమా కంపెనీకి రాయండి. ఆ తర్వాతే మెకానిక్.

ఈ లోపు మెకానిక్ రాసిచ్చిన లిస్టు, మీ బండి పాలసీ కాపీ నాకు పంపండి. పాలసీలో ఏ షరతులు ఉన్నాయో చూసి, ఇప్పుడున్న టైర్ల విషయం కంపెనీకి ఎలా రాయాలో చెబుతాను.