దేవదారు పెడతావట బిడ్డా!

బిడ్డా,

కొత్తింటి ముందు దేవదారు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. హన్మకొండలో ఇల్లు కట్టే ప్రతివాడూ అంగుళం వదలకుండా స్లాబ్ పోస్తుంటే, నువ్వు చెట్టు కోసం జాగా వదిలావట. గర్వమనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మనాలీలో హిడింబ గుడి చుట్టూ నువ్వు చూసినవి మంచు కురిసే కొండల చెట్లు. హిమాలయాల్లో 1,500 మీటర్ల పైన పెరుగుతాయి, 40-50 మీటర్ల దాకా లేస్తాయి. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు, రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతాయి. ఇక్కడ పెట్టిన దేవదారు చలికాలమంతా పచ్చగా ఉండి మురిపిస్తుంది, ఎండాకాలం కొసలు మాడుతాయి. నువ్వు టెన్షన్ పడి బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తావు, వేర్లు కుళ్లుతాయి. వద్దు. అంతస్తులుగా లేచే ఆ అందమే కావాలంటే, నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మే అరకేరియా పెట్టు. వేడికి దేవదారు కంటే ఓర్చుకుంటుంది. విత్తనం మొక్కే అడుగు. పక్క కొమ్మ తుంచి పెంచినది నిటారుగా లేవదు, పక్కకే పోతుంది. తల మాత్రం ఎప్పుడూ తుంచకు.

గుంత, మాగిన పెంట ఎరువు, మొదటి ఎండాకాలాలు పడమటి వైపు గ్రీన్ నెట్: నీకు తెలిసినవే. గోడకు, కరెంటు తీగలకు 20 అడుగులైనా దూరం ఉండాలి.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. పాత ఇంటి గృహప్రవేశానికి మీ బాపు తలకంటే ఎత్తున్న ఆకాశమల్లె తెచ్చాడు. అది పెరిగిన నర్సరీ కవర్ చూస్తే ఇంత చిన్నదే. "చిన్నది తేరా" అంటే, "చుట్టాలొచ్చేసరికి చెట్టు కనబడాలె కదా అన్నా" అన్నాడు. కవర్ కోసి, మట్టిముద్దను అట్లనే గుంతలో దించాడు. చెట్టు బ్రహ్మాండంగా పెరిగింది. కార్తీకంలో వాకిలంతా తెల్లపూలు. దారం లేకుండా వాటి కాడలతోనే జడలల్లి నా మెడలో వేసేదానివి, యాదికుందా?

ఒక వైశాఖం సాయంత్రం గాలిదుమారం లేచింది. చెట్టు మొదట్లోనే విరిగి, మీరు పడుకునే రేకుల అర్ర మీద పడింది. నువ్వు ఆ పూట అమ్మమ్మ ఇంట్లో ఉన్నావు. ఉన్నావు కాబట్టి ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెల్లారి తవ్వి చూశాను. ఒక్క పెద్ద వేరూ దూరం పోలేదు. అన్నీ కవర్ గుండ్రంలోనే చుట్టలు తిరిగి ఉన్నాయి. అందులో ఒక లావుపాటి వేరు మాను మొదలును తాడు కట్టినట్టు బిగించింది. సరిగ్గా అక్కడే విరిగింది. పైన అంత పచ్చగా ఉంటే కింద ఇట్లా ఉందని ఎవరు అనుకుంటారు?

అందుకే ఎత్తు చూసి మోసపోకు. మోకాలెత్తు మొక్క చాలు. కవర్ అడుగున వేర్లు చుట్టలు పడ్డాయా చూడు. వేరే మొక్కలైతే విప్పి నాటొచ్చు, అరకేరియా వేర్లు కదిపితే అలుగుతుంది. కాబట్టి చుట్టలు పడనిదే కొను. నర్సరీవాడు తొందరపెడితే వదిలేసి రా.

ఇదంతా రాశానని మీ బాపుకు చెప్పకు. ఇప్పటికీ తప్పంతా గాలిదేనంటాడు. తొలకరి పడ్డాక కొందువు గానీ, నర్సరీకి పోయే ముందు ఫోన్ చెయ్యి. నేనూ వస్తా. కవర్ చింపి చూస్తే వాడు కసురుకుంటాడు, ఆ మాటలేవో నేను పడతాలే.

మీ పెద్దబాపు