పిల్లి తన కూనల చోటు ఎందుకు మారుస్తుంది?

ప్రశ్న: మా వంటింటికి సిమెంటు రేకుల కప్పు. దాని కింద అటక మీద, పాత బొంతల మధ్య, మా ఇంట్లో తిరిగే పిల్లి మార్చి చివరి వారంలో నాలుగు కూనలను పెట్టింది. ఎనిమిదో రోజున అటక దులిపి, బొంతలు ఉతికి, ఫినాయిలుతో తుడిచి మళ్ళీ శుభ్రంగా పరిచాము. ఆ రాత్రే అది కూనలను పడకగదిలో మంచం కిందికి తెచ్చుకుంది. అక్కడ మా పిల్లలు వంగి చూస్తూ, వాటిని చేతుల్లోకి తీసుకుంటూ ఉండేవారు. వారం తిరగకముందే పక్కవారి కట్టెల కొట్టంలోకి మార్చింది. అప్పుడు ఒక కూన మంచం కిందే మిగిలిపోయి సాయంత్రం దాకా అరుస్తూనే ఉంది, చీకటి పడ్డాక వచ్చి దాన్నీ తీసుకుపోయింది. నాలుగు వారాలు నిండాయో లేదో, ఇప్పుడు అన్నిటినీ మా వెనక వరండాలోకి చేర్చింది. ఏడిళ్ళు తిప్పనిదే పిల్లి ఊరుకోదని మా అత్తగారు, మనిషి చేతి వాసనకు అలిగిందని మా అబ్బాయి అంటున్నారు. ఏది నిజం? మేము ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం: ఏ మార్పు ఎప్పుడు జరిగిందో మీరు వరుసగా రాయడం మేలైంది, ఎందుకంటే మూడు మార్పులకు మూడు వేర్వేరు కారణాలు ఆ వరుసలోనే కనిపిస్తున్నాయి.

మన ఇళ్ళలో తిరిగే పిల్లికి మూలం ఆఫ్రికా అడవిపిల్లి. అది ఒంటరిగా వేటాడే జంతువు. తల్లి వేటకు వెళ్ళినప్పుడు కూనలకు కాపలా ఉండేవారు ఎవరూ ఉండరు కనుక, అవి ఎవరి కంటా పడకుండా ఉండటమే వాటికి రక్షణ. మొదటి మూడు వారాలూ కూనల మలమూత్రాలను తల్లి నాకి శుభ్రం చేయడంలో కూడా ఆ చోటు వాసన బయటికి పొక్కకూడదన్న జాగ్రత్త ఉంది. ఇన్ని తరాలు మన మధ్య గడిపినా ఈ స్వభావం పోలేదు. దాచిన చోటు బయటపడిందని తోస్తే దాన్ని వదిలి మరో చోటు చూసుకుంటుంది.

మీ అటక సంగతి చూడండి. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములు ఉంటుంది, కళ్ళు తెరవదు, చెవులు వినిపించవు. సాధారణంగా రెండో వారంలో కళ్ళు విచ్చుకుంటాయి. అంతవరకు వెచ్చదనమూ వాసనా మాత్రమే దానికి దారి చూపుతాయి. తల్లి వాసన పట్టిన ఆ పాత బొంతే వాటికి ఇంటి గుర్తు. మీరు దాన్ని ఉతికి, పైగా ఫినాయిలు పూశారు. నా దృష్టిలో మీ పిల్లల చేతుల కంటే ఈ ఫినాయిలే పెద్ద పొరపాటు. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, కాబట్టి పాదాలకు అంటినది నాకినా విషమవుతుంది. పిల్లి మసలే చోట వేడి నీళ్ళు, సబ్బు చాలు. దీనికి తోడు ఏప్రిల్ ఎండకు సిమెంటు రేకుల కింద అటక మాడిపోతుంది, ఒంటి వేడిని తమంతట తాము అదుపు చేసుకోలేని కూనలకు అది కూడా ప్రమాదమే.

మంచం కింద నుంచి మార్చడానికి కారణం అలక కాదు. అలిగిన తల్లి కూనలను వెంట తీసుకుపోదు కదా! మనిషి ముట్టుకున్న వాసన తగిలినంత మాత్రాన తల్లిపిల్లి కూనలను విడిచిపెట్టదు. అయితే రోజూ తొంగిచూడడం, ఎత్తినప్పుడల్లా కూన కీచుమనడం, ఆ అరుపుకు తల్లి పరుగెత్తుకు రావడం జరుగుతూ ఉంటే, ఆ చోటు అందరికీ తెలిసిపోయిందని దానికి అర్థమవుతుంది. మీ వీధిలో గండుపిల్లి తిరుగుతుంటే ఆ భయం మరీ ఎక్కువ. పిల్లలు పోయిన తల్లి త్వరగా మళ్ళీ ఎదకు వస్తుంది, అందుకే తనవి కాని కూనలను చంపే గండుపిల్లులు ఉంటాయి.

మూడో మార్పు శుభవార్త. నాలుగు వారాలకు కూనలు నడుస్తాయి, పళ్ళు వస్తాయి, పాలతో పాటు తిండి మొదలుపెట్టే వయసు అది. తిండి దొరికే చోటికి దగ్గరగా తెచ్చుకోవడం తల్లికి సులువు, మీ వంటిల్లు దానికి బాగా తెలిసినదే. మీ అత్తగారి మాటలో ఏడు అన్నది లెక్క కాదు గాని, గమనించి అన్న మాటే. ఒక ఈతలో రెండు మూడు సార్లు చోటు మార్చడం మామూలు.

మిగిలిపోయిన కూన విషయానికి వస్తే, తల్లికి ఉన్నది ఒక్క నోరు. మెడ వెనక వదులు చర్మాన్ని పళ్ళ మధ్య సుతారంగా పట్టగానే కూన అరుపు మాని, వెనక కాళ్ళు పైకి ముడిచి, తోక కడుపు కిందికి చేర్చి, గుడ్డపేలికలా వేలాడుతుంది. అలా కదలకుండా ఉంటేనే తల్లి గోడ దూకగలదు. శ్రీవైష్ణవంలో తెంగలై అనే శాఖ వారు శరణాగతికి చెప్పే మార్జాల కిశోర న్యాయం, అంటే పిల్లి తన కూనను మోసినట్టు దేవుడే భక్తుణ్ణి మోస్తాడన్న పోలిక, ఈ దృశ్యం నుంచి వచ్చినదే. తల్లిని తానే కరుచుకునే కోతిపిల్ల కథ వేరు. ఇలా ఒక్కొక్కటిగా మోస్తున్నప్పుడు మధ్యలో కుక్క అరిచినా, మనుషులు దారిలో నిలబడినా, అది చీకటి పడేదాకా ఆగిపోతుంది. అందుకే అటువంటి సమయంలో తలుపు ఓరగా తెరిచి ఉంచి, గది ఖాళీ చేసి, దూరం నుంచి మాత్రమే గమనించండి. మీరే కూనను తీసుకెళ్ళి కొత్త చోట పెడితే ఆ చోటు కూడా బయటపడినట్టే, నాలుగో మార్పు తప్పదు.

కొన్ని గంటలు గడిచినా తల్లి రాక, కూన ఒళ్ళు చల్లబడితే మాత్రం ఊరుకోకండి. ముందుగా గోరువెచ్చని నీళ్ళ సీసాకు బట్ట చుట్టి దాని పక్కన పెట్టి వెచ్చబరచాలి, ఎందుకంటే చల్లబడిన కూనకు పాలు అరగవు. ఆవు పాలు, గేదె పాలు విరేచనాలు తెస్తాయి. జంతువుల దుకాణాల్లో దొరికే పిల్లికూనల పాలపొడిని పశువైద్యుని సలహాతో వాడండి.

ఇప్పుడు వరండాలో ఒక అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, లోపల పాత చీర పరిచి, తల్లికి తిండీ నీళ్ళూ కాస్త దూరంలో పెట్టండి. కూనలకు మెత్తగా ఉడికించిన కోడిమాంసం చిదిపి పెట్టవచ్చు. మీ ఊళ్ళో చేపలకు కొదవ ఉండదు గనుక చేప కూడా పెట్టవచ్చు, ముళ్ళు పూర్తిగా తీసి. మీ పిల్లలు నేల మీద కూర్చుని ఉంటే కూనలే వాళ్ళ దగ్గరికి వస్తాయి. మెడ పట్టి ఎత్తడం తల్లికే వదిలేసి, ఎత్తవలసి వస్తే రెండు చేతులూ పొట్ట కింద పెట్టమనండి. ఇంకొక మాట, పాలిస్తున్న పిల్లి కూడా ఎదకు రావచ్చు. ఎనిమిది వారాలకు కూనలు పాలు మానగానే తల్లికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించండి, అంతవరకు రాత్రుళ్ళు గండుపిల్లి రాకుండా వరండా తలుపు వేసి ఉంచండి.