మధ్య సీటు కుంగిన లెదర్ సోఫా: ముందు బోర్లా తిప్పి చూడండి

మూడు సీట్ల లెదర్ సోఫాలో మధ్య సీటు గుంట పడిందనీ, స్పాంజి మార్చాలా అనీ అడిగారు కదండీ. స్పాంజి కొనకముందే సోఫాని బోర్లా తిప్పి, అడుగున ఉన్న నల్లగుడ్డ పిన్నులు ఓ పక్క ఊడదీసి చూడండి. ఒక్క సీటే కుంగిందంటే చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. జిగ్‌జాగ్ స్ప్రింగు (పాములా మెలికలు తిరిగిన తీగ) చెక్క ఫ్రేముకున్న క్లిప్పులోంచి జారి ఉండొచ్చు, లేదా ఎలాస్టిక్ పట్టీలు సాగిపోయి ఉండొచ్చు. స్ప్రింగైతే పట్టకారుతో లాగి మళ్లీ క్లిప్పులో కూర్చోబెట్టండి. కళ్లకి రక్షణ అద్దాలు, చేతులకి గ్లౌజులు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు, జారి కొడితే గట్టి దెబ్బే తగులుతుంది. పట్టీలైతే కొత్తవి బిగుతుగా లాగి, నవారు మంచం అల్లినట్టు నిలువూ అడ్డం వేసి స్టేపుల్ చేయండి.

కింద అంతా బాగుంటేనే స్పాంజి జోలికి వెళ్లండి. 40 డెన్సిటీది (స్పాంజి ఎంత దట్టమో చెప్పే కొలత), కవరు కొలతకన్నా అర అంగుళం ఎక్కువ కోయించండి. పల్చటి ప్లాస్టిక్ సంచి చుట్టి దూరిస్తే లెదర్‌కి పట్టకుండా జారిపోతుంది, తర్వాత సంచి లాగేయండి.

సీటు కింద ప్లైవుడ్ ముక్క పెట్టమని చాలామంది చెబుతారు. నాకు నచ్చదండీ, బల్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది. లెదర్‌లో ఎక్కడా కొత్తగా సూది దించకండి, ఆ రంధ్రం పూడదు.