‘లీవింగ్ లాస్ వేగాస్’ సినిమాలో సెరా బెన్‌ని తాగుడు మానమని ఎందుకు అడగదు?

అడగకూడదన్నదే వాళ్ల ఒప్పందం. 1995లో వచ్చిన ఈ సినిమాలో ఉద్యోగం పోయిన రచయిత బెన్, తాగి తాగి చచ్చిపోదామనే లాస్ వేగాస్ వస్తాడు. (ఈ పాత్రకే నికొలస్ కేజ్‌కి ఆస్కార్ వచ్చింది.) ఒళ్లమ్ముకుని బతికే సెరా తన ఇంట్లో ఉండమంటే, తాగొద్దని ఎప్పుడూ అనకూడదంటాడు. ఆమె సరేనంటుంది. అంతటితో ఆగదు, మందు పోసుకుని జేబులో పెట్టుకునే చిన్న ఫ్లాస్కు కొని బహుమతిగా ఇస్తుంది.

నాది నెల్లూరు జిల్లా. సారా దుకాణాల మీద ఆడవాళ్లు తిరగబడ్డ దూబగుంట మాదే, అందుకే ఆ ఫ్లాస్కు సీన్ నాకు మొదట మింగుడుపడలేదు. (మా అమ్మకైతే హీరోయిన్ పేరే ‘సారా’ అని వినిపించింది!)

రెండోసారి చూస్తే అర్థమైంది. ఆమె చేసే పని గురించి బెన్ తీర్పులు చెప్పడు, పక్కన కూర్చుని మనిషిలా మాట్లాడతాడు. అంత ఒంటరిగా ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. షరతుల్లేని ప్రేమ అంటారు గానీ, ఇది షరతు మీద మొదలైందే. ఆమె కూడా చివరిదాకా నిలబడలేకపోతుంది. డాక్టర్‌కి చూపించుకోమని ఒకసారి నోరు తెరిచి అడుగుతుంది. అతను వెంటనే మకాం హోటల్‌కి మారుస్తానంటాడు.