కొత్త పండు కనిపిస్తే ముందు అమ్మేవాళ్ళను అడుగు

నాయనా,

మలేషియాలో నువ్వుండే పెనాంగులో రోడ్డు పక్కన ముళ్ళ కాయలు, ఊదారంగు పండ్లు గుట్టలు పోసి అమ్ముతున్నారు, తినొచ్చా పెద్దనాయనా అని అడిగినావు గదా. తిను, భయపడొద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా, అంటే మన చిత్తూరు తోటల్లో బెంగళూరా మామిడి కోసే రోజుల్లోనే, అక్కడ దురియన్ (నువ్వు చూసిన ముళ్ళ కాయ), మాంగోస్టీన్ (ఆ ఊదారంగు పండు), రాంబుటాన్ (వెంట్రుకల తొక్క ఉండే ఎర్ర పండు) దిగుతాయి, ఆ రోజుల్లో అక్కడుండి కూడా నువ్వు ఆపిల్ కొనుక్కొని తింటుంటే నాకు బాధగా ఉంటుంది.

మాంగోస్టీన్‌తో మొదలుపెట్టు, తీపిలో కాస్త పులుపు, ఎవరికైనా నచ్చుతుంది. తొక్క నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, బిగుసుకుపోయి ఉంటే పాతది, కొనొద్దు. అడుగున చిన్న పువ్వు గుర్తు ఉంటుంది, దానికెన్ని రేకులో లోపల అన్ని తొనలు. తొక్క రసం బట్టకు అంటితే వదలదు, ఆఫీసు చొక్కాతో తినొద్దు.

దురియన్ మాత్రం రూముకు తెచ్చుకోవద్దు. చాలా హోటళ్ళలో రానివ్వరు, పక్కనే సింగపూర్లో అయితే మెట్రో రైల్లోనే నిషేధం, అంత వాసన. అంగడి దగ్గరే కూర్చొని తినడం అక్కడ అందరూ చేసే పనే. మలేషియాలో కాయను కొయ్యరు, పండి దానంతటదే చెట్టు నుంచి రాలాలి, అందుకే రాలిన ఒకటి రెండు రోజుల్లో తింటేనే ఆ రుచి. మొదటిసారి వచ్చానని అమ్మేవాళ్ళతో చెప్పు, వాళ్ళే నీ ముందే కాయ పగలగొట్టి, పనసకాయలో మాదిరి అరల్లో ఉన్న తొనలు చూపిస్తారు. ముసాంగ్ కింగ్ రకం తియ్యగా, చివర్లో కొంచెం చేదుగా ఉంటుంది, ధర ఎక్కువ, మొదటిరోజే అది అడగొద్దు. ఒక తొన తిని ఆగు, ఒంటికి ఎట్లుందో చూసుకో, నచ్చితే రేపు మళ్ళీ పోవచ్చు. చాలా బలమైన పండు, ఒక్కసారే కూర్చొని కాయంతా తింటే కడుపు బరువెక్కుతుంది.

రాంబుటాన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, గింజ నమలొద్దు, అంతే.

ఇంకొక్క మాట, ఇది మాత్రం మరిచిపోవద్దు. మీ నాయన నిన్ను చూడ్డానికి వస్తానంటున్నాడు, ఆయనకు కిడ్నీ జబ్బు. కోస్తే నక్షత్రం ఆకారంలో వచ్చే పండు, స్టార్ ఫ్రూట్, అక్కడ జ్యూసుల్లో కూడా కలుపుతారు. మంచి కిడ్నీలు ఉన్నవాళ్ళు మితంగా తింటే ఏం కాదు గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో దాంట్లోని విషపదార్థం బయటికి పోదు, ఎక్కిళ్ళతో మొదలై మతి తప్పి, ఫిట్స్ వచ్చి, ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. దురియన్లో పొటాషియం ఎక్కువ, అదీ ఆయనకు వద్దు. బయట జ్యూసు తాగాలంటే ఏమేం వేశారో నువ్వే అడిగి ఇప్పించు, ఆయనైతే మొహమాటపడి ఏమిచ్చినా తాగేస్తాడు.

మీ పెద్దనాయన
తిరుపతి